చేతికి సెల్‌ఫోనా? లక్కబొమ్మా?

ఏటికొప్పాక: బువ్వ తినకుండా మారాం చేసే పసివాడి చేతికి తల్లి సెల్‌ఫోను ఇస్తుంది. వాడు తెర చూస్తూ నోరు తెరుస్తాడు. ముద్ద లోపలికి పోతుంది. ఏం తిన్నాడో వాడికే తెలియదు. పట్నాల్లోనే కాదు, పల్లెల్లో అరుగుల మీద కూడా నేడు కనిపిస్తున్న దృశ్యమిది. అఆలు, అంకెలు, రంగులు నేర్పే యాప్‌లు ఫోన్లలో, టాబ్లెట్లలో కుప్పలుగా ఉన్నాయి. వాటితో బిడ్డకు ముందే చదువు అబ్బుతుందని తల్లిదండ్రుల ఆశ.

ఆశ తప్పు కాదు. కాని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఒక హెచ్చరిక చేసింది. రెండేళ్లు నిండేవరకు బిడ్డను తెర ముందు కూర్చోబెట్టరాదు. రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలకు రోజుకు గంట మించరాదు. అంతకంటే తగ్గితే మరీ మంచిది.

కారణం కష్టమైనదేమీ కాదు. గాజు తెర మీద ఏనుగును తాకినా, చీమను తాకినా వేలికి ఒకే నునుపు. బరువు తెలియదు, గుండ్రన తెలియదు. బొమ్మ అలా కాదు. చేతికి అందుతుంది, దొర్లుతుంది, పడుతుంది.

అటువంటి బొమ్మలకు అనకాపల్లి జిల్లా యలమంచిలి మండలంలో, వరాహ నది ఒడ్డునున్న ఏటికొప్పాక పెట్టింది పేరు. ఇక్కడి కళాకారులు తేలికైన అంకుడు కర్రను ఆరబెట్టి, లేతు మిషనుపై తిప్పుతూ ఉలితో చెక్కుతారు. తిరుగుతున్న కర్రకు రంగు కలిపిన లక్క కడ్డీని అదిమితే, ఆ రాపిడి వేడికి లక్క కరిగి అంటుకుంటుంది. మొగలి ఆకుతో రుద్దితే అద్దంలా మెరుస్తుంది. పసుపు కొమ్ముల నుంచి పసుపు రంగు, నీలిమందు నుంచి నీలం, జాఫ్రా గింజల నుంచి నారింజ ఎరుపు వస్తాయి. పసిపిల్లలు ఏది దొరికినా నోట పెట్టుకుంటారు. సీసం కలిసిన రంగులు వారి మెదడుకు చేటు. అందుకే ఈ చెట్టు రంగులకు అంత విలువ. మరుగున పడిన ఈ రంగులను తిరిగి వాడుకలోకి తెచ్చిన ఈ ఊరి సి.వి. రాజుకు 2023లో పద్మశ్రీ లభించింది. ఏటికొప్పాక బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు దక్కింది. 2025 గణతంత్ర దినోత్సవాన ఢిల్లీలో రాష్ట్ర శకటం మీద ఊరేగినవీ ఇవే.

గిలక్కాయ ఊపితే చప్పుడు ఎటు నుంచి వస్తోందో బిడ్డ వెతుకుతుంది. చక్రాలు పేరిస్తే చిన్నా పెద్దా తెలుస్తాయి. లక్కపిడతలు ముందు పెడితే నలుగురు చేరి వంట చేస్తారు, కబుర్లు చెప్పుకుంటారు, పంచుకోవడం నేర్చుకుంటారు. ఆటల ద్వారానే పసివారికి చదువు చెప్పాలని 2020 జాతీయ విద్యావిధానం సైతం చెబుతోంది.

అయితే పేరు ఎంత వచ్చినా కళాకారులకు కర్ర దిగులు తీరలేదు. అడవుల్లో అంకుడు తగ్గిపోయింది. బంజరు భూముల్లో, పొలం గట్లపై ఈ చెట్లు పెంచేందుకు అటవీ శాఖ, పంచాయతీలు పూనుకోవలసి ఉంది. ప్రతి అంగన్‌వాడీ కేంద్రానికి కొన్ని లక్కబొమ్మలు కొనిచ్చినా ఇటు పిల్లలకు ఆట, అటు కళాకారులకు పని దొరుకుతాయి.

ఫోను పూర్తిగా మానెయ్యనక్కరలేదు. చూపించే కాసేపు పక్కన కూర్చుని మాట్లాడితే చాలు. బొమ్మకైనా, ఫోనుకైనా అమ్మ మాట తోడుంటేనే అది చదువు అవుతుంది.