జొన్నలోని జకారము

మా బద్వేలులో పొరుగింటి బాలిక యొకతె బడిలో "జీరో" యనుటకు జీలకఱ్ఱలోని జకారమును పలికి నవ్వులపాలయ్యెను. వారము దినములు ఇంగ్లీషు పుస్తకము తెఱవలేదు. తప్పు పిల్లది కాదు. ఆ ధ్వని మన తెలుఁగున లేదని దానికిఁ జెప్పినవా రెవ్వరు?

మేము దానిచే మొదట "జొన్న" యనిపించితిమి. జీలకఱ్ఱలోనిది తాలవ్యము, జొన్నలోనిది దంత్యము. 1820లో కడపకు వచ్చిన సి.పి. బ్రౌను దొరగారును తమ నిఘంటువునందు ఈ రెంటిని వేఱుగా గుర్తించిరి. జొన్న యనునపుడు నాలుకకొన పైపండ్ల వెనుక తగిలి విడివడును. తగులనీయక, ఇంచుక సందు విడిచి, తుమ్మెదవలె ఝుమ్మని సాగఁదీసినచో కావలసిన ధ్వని వచ్చును. గొంతుపై వ్రేలుంచిన అదరు తెలియవలెను; అదరు లేక బుస మాత్రమే వచ్చిన అది సకారము.

ఎఫ్ అను అక్షరమునకు పెదవులు రెండును కలుపరాదు. క్రిందిపెదవిని పైపండ్లకుఁ దాఁకించి ఊదవలెను. ఇది నేర్చిన పిల్లలు మన "ఫలము"ను సయితము ఊదుచున్నారు. అది మాకు గిట్టదు!

మూఁడవనాఁటి సాయంకాలము ఆ పిల్ల, జొన్నలు చెఱుగుచున్న అవ్వ చెంతఁ గూర్చుండి, "నాలుక తగులనీయకవ్వా!" యని ఆమెకుఁ బాఠము చెప్పుచుండెను.