పాపకి ఉక్కపోస్తోందా? మెడ వెనక తాకి చూడండి!

మే నెల. విజయవాడలో అమ్మ వాళ్లింట్లో ఉన్నాం. మిట్టమధ్యాహ్నం కరెంటు పోయింది. 4 నెలల పాప ఒకటే ఏడుపు. కోడ్‌లో బగ్గులు పట్టే నాకు ఇదేంటో అర్థం కాలేదు. "నోరెండిపోతోందే, రెండు చెంచాలు నీళ్లు పట్టు" అంది అమ్మ.

డాక్టర్‌కి ఫోన్ చేశా. "6 నెలల్లోపు నీళ్లొద్దు. తల్లిపాలల్లో ఎక్కువ భాగం నీళ్లేగా, ఎక్కువసార్లు పట్టండి. చేతులు, కాళ్లు కాదు, మెడ వెనక తాకి చూడండి" అన్నారు. మగతగా ఉన్నా, పాలు తాగకపోయినా, డైపర్లు తడవడం తగ్గినా వెంటనే ఆస్పత్రికి తీసుకురమ్మన్నారు.

తాకితే చెమట! టోపీ, సాక్సులు తీసేశాం. తడిగుడ్డతో ఒళ్లు తుడిచి, పల్చటి నూలు జుబ్బా వేశాం. పాలు తాగి నిద్రపోయింది.

ఇప్పుడు పాప ఏడిస్తే అమ్మ కూడా ముందు మెడ వెనకే తాకి చూస్తోంది.