ఆమ్లం పేరు చివర ఏముంది?



వేలూరు, గుడియాత్తం ప్రాంతాల్లో మన పిల్లలు చాలామంది ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడతారు. ఆమ్లాల పేర్లు మాత్రం ఈ రెండు భాషలవీ కావు. అందుకే వాటిని అర్థం తెలియకుండా బట్టీ పడతారు. ఒకసారి పరీక్షలో నా విద్యార్థి ఒకడు సల్ఫ్యూరిక్ ఆమ్లం అని రాయవలసిన చోట సల్ఫ్యూరస్ ఆమ్లం అని రాశాడు. "చివర కొంచెమే కదా సార్ తేడా, మార్కు ఎందుకు తీసేశారు?" అని అడిగాడు. ఆ ప్రశ్నకు జవాబే ఈనాటి పాఠం.

సల్ఫ్యూరస్ ఆమ్లంలో ఆక్సిజన్ పరమాణువులు మూడు, సల్ఫ్యూరిక్ ఆమ్లంలో నాలుగు. మొదటిది బలహీనమైనది. రెండవది గాఢంగా ఉంటే చర్మాన్ని మాడ్చేస్తుంది. టానరీల్లో తోళ్లను పదును పెట్టే ముందు ఉప్పుతో కలిపి వాడేది ఈ రెండవదాన్నే. గంధకామ్లం అన్నా, తమిళంలో కందక అమిలం అన్నా, అందులో గంధకం ఉందని తెలుస్తుంది గాని ఆక్సిజన్ ఎంత ఉందో తెలియదు. ఆ సంగతి చెప్పేది పేరు చివర ఉన్న "ఇక్", "అస్" అనే తోకలే. "ఇక్" అంటే ఆక్సిజన్ ఎక్కువ, "అస్" అంటే తక్కువ.

మరి ఆక్సిజన్ అసలే లేకపోతే? లవోయిజర్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త ప్రతి ఆమ్లంలోనూ ఆక్సిజన్ ఉంటుందనుకొని దానికి ఆ పేరు పెట్టాడు. మన పెద్దలు దాన్నే ఆమ్లజని అన్నారు. అయితే క్లోరిన్ ఒక మూలకమని, హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ఆక్సిజన్ లేదని 1810లో హంఫ్రీ డేవీ తేల్చాడు. ఇలాంటి ఆమ్లాల పేరుకు ముందు "హైడ్రో", చివర "ఇక్" చేరుస్తాం.

ఇప్పుడు మీ ఇంట్లోని, ఊళ్లోని వస్తువులతో ఈ సూత్రాన్ని గుర్తుపెట్టుకోండి. లవణం పేరు "ఏట్"తో ముగిస్తే ఆమ్లం "ఇక్". మైలుతుత్తం కాపర్ సల్ఫేట్, కనుక దాని ఆమ్లం సల్ఫ్యూరిక్. సురేకారం పొటాషియం నైట్రేట్, కనుక నైట్రిక్. గుడియాత్తం అగ్గిపుల్లల తలలో ఉండేది పొటాషియం క్లోరేట్, కనుక క్లోరిక్. లవణం "ఐట్"తో ముగిస్తే ఆమ్లం "అస్". బావిలో చల్లే బ్లీచింగ్ పౌడరులో ఉండేది కాల్షియం హైపోక్లోరైట్, కనుక హైపోక్లోరస్. "ఐడ్"తో ముగిస్తే "హైడ్రో" ముందుకు వస్తుంది. వంట ఉప్పు సోడియం క్లోరైడ్, కనుక హైడ్రోక్లోరిక్.

క్లోరిన్‌కు ఆక్సిజన్‌తో కూడిన ఆమ్లాలు నాలుగున్నాయి. ఒక ఆక్సిజన్ ఉంటే హైపోక్లోరస్, రెండుంటే క్లోరస్, మూడుంటే క్లోరిక్, నాలుగుంటే పెర్‌క్లోరిక్. "హైపో" అంటే ఇంకా తక్కువ, "పెర్" అంటే ఇంకా ఎక్కువ. నిచ్చెన మెట్లలా వరుసగా చెప్పి చూడండి, మరి మరచిపోరు.

చింతపండులోని టార్టారిక్ వంటి సేంద్రియ ఆమ్లాల్లో మాత్రం ఈ విధంగా ఆక్సిజన్‌ను లెక్కించకండి. వాటి పేర్ల కథ వేరు.

ఆ అబ్బాయికి పోయింది ఒక్క మార్కే. ప్రయోగశాలలో సీసా మీది పేరు చదవడంలో అదే పొరపాటు జరిగితే చెయ్యి కాలుతుంది. కాబట్టి పేరును చివరిదాకా చదవండి. సెలవు.