రిమ్ము పెరిగితే బండి ఎత్తు పెరుగుతుందా?
తారు బాటకూ రేగడికీ సరిపోయే చక్రం ఏది?

ఉట్నూరు : వారంలో మూడు రోజులు జాతీయ రహదారి మీద, నాలుగు రోజులు చేను బాటలో తిరిగే బండికి ఏ చక్రం వేయాలి? ఒకప్పుడు ఈ ప్రశ్నే లేదు. 1941లో అమెరికా సైన్యం కోసం తయారైన విల్లీస్ జీపు 6.00-16 టైర్లతో వచ్చింది. ట్రాక్టరు ముందు చక్రాలకు మన రైతులు నేటికీ వేయించుకునే సైజు అదే. ఇప్పుడలా కాదు. పత్తి డబ్బు చేతికి రాగానే బొలెరో, థార్, స్కార్పియోల వంటి బండ్లు కొనేవారు పల్లెల్లోనూ ఉన్నారు. బండి ఇంటికి వచ్చిన నెలలోపే కొందరు టైర్ల దుకాణం మెట్లెక్కి ‘పెద్ద చక్రాలు’ కావాలని అడుగుతున్నారు. చిక్కంతా అక్కడే మొదలవుతోంది.

పెద్ద చక్రం అనే మాటకు రెండు అర్థాలున్నాయి. నాగోబా జాతరకు కేస్లాపూర్ వచ్చే ఎడ్లబండ్లను చూసినవారికి మొదటి అర్థం చెప్పనక్కరలేదు. చక్రం నిలువెత్తుగా ఉంటే గుంతలో పడినా, రాయి అడ్డం వచ్చినా బండి తేలిగ్గా ఎక్కి వస్తుంది. ఇది చక్రం మొత్తం ఎత్తు సంగతి. రెండో అర్థం, లోపలి ఇనుప రిమ్ము పెద్దది కావడం. దుకాణంలో ఎక్కువగా అమ్ముడుపోయేది ఈ రెండోదే. రిమ్ము పెరిగినంత మాత్రాన చక్రం ఎత్తు పెరగదు. పెరిగేది ఇనుము, తగ్గేది రబ్బరు.

టైరు పక్కన ఉండే అంకెలు చదవడం వస్తే ఈ మోసం పట్టుకోవచ్చు. బొలెరోకు వచ్చే 215/75 ఆర్ 15 టైరునే తీసుకుందాం. వెడల్పు 215 మిల్లీమీటర్లు. అందులో నూటికి 75 వంతులు, అంటే 161 మిల్లీమీటర్లు టైరు పక్కగోడ ఎత్తు. రిమ్ము 15 అంగుళాలు. మొత్తం చక్రం ఎత్తు సుమారు 703 మిల్లీమీటర్లు.

2020లో వచ్చిన కొత్త థార్ సంగతి ఇంకా బాగా తెలియజెబుతుంది. అందులో కింది రకానికి 245/75 ఆర్ 16, పై రకానికి 255/65 ఆర్ 18 టైర్లు ఇచ్చారు. రిమ్ములో రెండు అంగుళాల తేడా ఉన్నది. కాని లెక్క కడితే మొదటి చక్రం ఎత్తు 774, రెండోది 789 మిల్లీమీటర్లు. నేల నుంచి బండికి దక్కే అదనపు ఎత్తు ఇందులో సగమే, అంటే ఏడెనిమిది మిల్లీమీటర్లు. వేలు మందం కూడా లేదు. పక్కగోడ మాత్రం 184 నుంచి 166కు పడిపోయింది.

ఆ పక్కగోడే అడవి బాటలో బండికి దిండు వంటిది. రాయి తగిలితే అది వంగి దెబ్బను మింగుతుంది. గోడ పొట్టిదైతే ఆ దెబ్బ రిమ్ముకు తగులుతుంది. ఇనుప రిమ్ము సొట్టపోతే మిస్త్రీ సుత్తితో సరిచేయగలడు. అల్లాయ్ రిమ్ము పగిలిందంటే పట్నం పోవాల్సిందే. తారు రోడ్డు మీద వేగంగా పోతూ మలుపు తిరిగేటప్పుడు మాత్రం పొట్టి గోడ టైరు తక్కువ ఊగుతుంది, స్టీరింగ్ చెప్పినట్టు వింటుంది. హైదరాబాద్‌కే ఎక్కువగా తిరిగే బండికి 18 అంగుళాలు తప్పేమీ కాదు. చేనుకూ, గూడేనికీ, సంతకూ తిరిగే బండికి 15 లేదా 16 అంగుళాలే మేలని ఈ విలేకరి అభిప్రాయం.

మరి రిమ్ము మార్చకుండా టైరే ఎత్తుది వేస్తే? బొలెరోకు 235/75 ఆర్ 15 వేయించేవారున్నారు. చక్రం 30 మిల్లీమీటర్లు పెరుగుతుంది, బండి 15 మిల్లీమీటర్లు లేస్తుంది. లాభం అంతే. నష్టాలు వేరే ఉన్నాయి. మీటరు 60 చూపిస్తున్నప్పుడు బండి 62 దాటి పోతుంటుంది. చక్రం బరువెక్కి ఇంజను లాగుడు తగ్గుతుంది, ఘాటులో గేరు దించాల్సి వస్తుంది. బ్రేకుకు పని పెరుగుతుంది. మనుషులు నిండుగా కూర్చున్నాక గుంతలో పడితే టైరు మడ్‌గార్డుకు రాసుకోవచ్చు. ఖాళీ బండిని దుకాణం ముందు తిప్పి చూస్తే ఇది తెలియదు. కంపెనీ ఇచ్చిన వివరాలకు విరుద్ధంగా బండిని మార్చడం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కిందకు వస్తుంది. ప్రమాదం జరిగిన నాడు బీమావారు ఈ మాటే ఎత్తితే జవాబు ఉండదు. అదే మోడలుకు కంపెనీ ఇచ్చిన సైజుల్లోనే ఒకటి ఎంచుకోవడం క్షేమం.

నల్లరేగడి గురించి ఉన్నమాట చెప్పాలి. నాలుగు రోజులు ముసురు పట్టిన రేగడిలో ఏ టైరూ నిలవదు. గాడుల్లో మట్టి నిండాక కొత్త టైరైనా నున్నటి టైరైనా ఒకటే. బటన్ టైర్లు కొంత లాగుతాయి గాని తడిసిన తారు మీద పట్టు తక్కువ, మోత ఎక్కువ. రెండు బాటలకూ పనికివచ్చే ఆల్ టెరైన్ రకం నయం. బురదలో గాలి కొంత తగ్గిస్తే టైరు పరుచుకుని పట్టు చిక్కుతుంది. ఈ ఉపాయానికీ ఎత్తు గోడ టైరే కావాలి. మరీ తగ్గిస్తే టైరు రిమ్ము నుంచి ఊడుతుంది. తారు బాట ఎక్కేముందు మళ్లీ గాలి నింపాలి. తక్కువ గాలితో వేగంగా పోతే టైరు వేడెక్కి పగులుతుంది.

పెద్ద టైర్లు వేసిన వారిలో ఒక ధీమా కనిపిస్తుంది. వాగు పొంగినా దాటేయవచ్చునని. ఇది ప్రాణాల మీదికి తెచ్చే ధీమా. టైరు నిండా ఉండేది గాలి. నీళ్లు పెరిగేకొద్దీ బండి తేలికవుతుంది, ప్రవాహం పక్కకు నెడుతుంది. పురిటి నొప్పులతో ఉన్న మనిషి బండిలో ఉన్నప్పుడు తొందర సహజమే. అయినా నేల కనిపించని వాగులో దిగకూడదు. చుట్టు తిరిగే బాట ముందే తెలుసుకొని ఉంచుకోవాలి.

ఇక స్టెప్నీ. నాలుగు టైర్లు మార్చి, అయిదోది పాతదే ఉంచుకునేవారు ఎక్కువ. ఫోర్ వీల్ బండిలో సైజు తేడా ఉన్న చక్రాలతో గట్టి రోడ్డు మీద నాలుగు చక్రాల గేరు వేస్తే లోపలి పళ్ల మీద భారం పడి గేరు పెట్టెకే ఎసరు వస్తుంది. అయిదూ ఒకే సైజు ఉండాలి. టైరు పక్కన నాలుగంకెల ముద్ర కూడా చూడండి. 2319 అని ఉంటే అది 2019లో 23వ వారం తయారైనది. గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు అరిగితే మార్చేయాలి. గాడుల మధ్య చిన్న దిమ్మెలు పైభాగంతో సమానమైనాయంటే ఆ గడువు వచ్చినట్టే.

స్టెప్నీతోపాటు అడుగు వెడల్పు గట్టి చెక్కముక్క ఒకటి బండిలో వేసుకోవాలి. రేగడిలో జాకీ కింద అది లేకపోతే లేచేది బండి కాదు, దిగబడేది జాకీ.