ఫ్లెక్సీ మిషన్ మొరాయిస్తే

గూడూరులో నిమ్మకాయల మండీ బోర్డు మొదలు పెళ్లి ఫ్లెక్సీ దాకా మేం పనిచేసే షాపులో వేస్తుంటాం. ఈ పనిలోకి రావాలనుకునే హాస్టల్ తమ్ముళ్ల కోసం మాకు తెలిసింది రాస్తున్నాం.

మిషన్‌కు ప్రాణం హెడ్. దాని నాజిళ్లు వెంట్రుక కన్నా సన్నని రంధ్రాలు. సాల్వెంట్ ఇంకులోని ద్రవం ఆవిరైతే రంగు అక్కడే గట్టిపడుతుంది. ఒక వేసవి రాత్రి కరెంటు పోయింది. హెడ్‌ను సొల్యూషన్‌తో తడిపి మూయకుండానే పడుకున్నాం. తెల్లారి చూస్తే నలుపు రాలేదు. తొందరపడి పిన్నుతో పొడిచాం! హెడ్ పోయింది. దాని ధర మా ఇద్దరి మూడు నెలల జీతం.

అందుకే పొద్దున్నే టెస్ట్ ప్రింట్ తీయండి. గీతల్లో ఖాళీలుంటే నాజిల్ మూసుకున్నట్టు. ఆ ఇంకుకు తగిన సొల్యూషన్‌తోనే కడగాలి, నీళ్లు పనికిరావు. టెస్ట్ ప్రింట్ బాగుండి కూడా బొమ్మలో సమాన దూరంలో అడ్డచారలు వస్తే తప్పు హెడ్‌ది కాదు, ఫ్లెక్స్ జరిగే కొలతది. దాన్నే స్టెప్ అంటారు, కంప్యూటర్లో సరిచేయవచ్చు.

అక్షరాలు జంటగా కనిపిస్తే అలైన్‌మెంట్ చూడాలి. ఎన్‌కోడర్ పట్టీ మీద ఇంకు మరక ఉందేమో కూడా చూడండి. మెత్తని గుడ్డతో నెమ్మదిగా తుడవండి. ఘాటు సొల్యూషన్ తగిలితే పట్టీ మీది గీతలే చెరిగిపోతాయి.

ఇంకు వాసనకు తల తిరుగుతుంది, కిటికీలు మూయకండి.