పాత ట్రక్కుకు ఏ నూనె పోయాలి?

ఎద్దుబండ్లు విరివిగా తిరిగిన రోజుల్లో ఇరుసు కీచుమంటే బండివాడు వెంటనే బండి ఆపేవాడు. గడ్డి కాల్చిన మసిని ఆముదంలో కలిపి చేసిన కందెన ఇరుసుకు పూసేవాడు. మోటారు బండిలో ఇంజను నూనె చేసే ముఖ్యమైన పనీ అదే. అయితే బండి చక్రం నిమిషానికి పదిహేను చుట్లు తిరిగితే గొప్ప. ఇంజనులోని క్రాంక్ షాఫ్టు రెండు మూడు వేల చుట్లు తిరుగుతుంది. అక్కడ కందెన చాలకపోతే కీచుమనడంతో ఆగదు, ఇనుము ఇనుమును తినేస్తుంది!

అమెరికాలో రైతులు, వడ్రంగులు పికప్ ట్రక్కు ఎక్కువగా వాడతారు. ముందు మనుషులు కూర్చునే గది, వెనుక సామాను వేసుకునే తెరిచిన తొట్టి వుంటాయి. 1965 నుండి 1996 వరకు ఫోర్డు కంపెనీ తన ట్రక్కులలో 4.9 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజను ఒకటి అమర్చింది. పోత ఇనుముతో చేసిన మొండిఘటం అది. 1984 నాటి అలాంటి ట్రక్కు ఒకటి మన చేతికి వచ్చిందనుకోండి. దుకాణంలో అరల నిండా నూనె డబ్బాలు. ఏది కొనాలి?

ముందు ఒక చిన్న ప్రయోగం చేయండి. పొడవైన గాజు సీసాలో ఆముదం పోసి ఒక గోలీని జారవిడవండి. అది తాపీగా కిందికి దిగుతుంది. సీసాను గోరువెచ్చని నీళ్ళలో కాసేపు వుంచి మళ్ళీ వదిలితే త్వరగా దిగిపోతుంది. ద్రవం ప్రవాహాన్ని అడ్డుకునే ఈ గుణాన్ని స్నిగ్ధత అంటారు. వేడెక్కితే అది తగ్గుతుంది. ఇంజను నూనెకు వచ్చిన చిక్కంతా ఇక్కడే. తెల్లవారుజాము చలిలో అది పలుచగా వుండి సందుసందుకూ పరుగెత్తాలి, ఇంజను కాగినప్పుడు నీళ్ళలా అయిపోకుండా లోహాల మధ్య పొరగా నిలవాలి.

డబ్బా మీద 10డబ్ల్యు-30 అని వుంటుంది. నూనెలను చిక్కదనాన్ని బట్టి వర్గీకరించే ఈ పద్ధతిని 1911లో అమెరికాలోని ఆటోమొబైలు ఇంజనీర్ల సంఘం ప్రారంభించింది. డబ్ల్యు అన్నది ఇంగ్లీషులో చలికాలానికి తొలి అక్షరం. 10డబ్ల్యు నూనె చలిలో ఇంజనును తిరగనిస్తుందా లేదా అని సున్నకు 25 డిగ్రీల సెంటిగ్రేడు దిగువన పరీక్షిస్తారు. 5డబ్ల్యు అయితే 30 డిగ్రీల దిగువన. చివరి అంకె 100 డిగ్రీల వేడిలో చిక్కదనాన్ని తెలుపుతుంది. 30 రకం నూనె స్నిగ్ధత అప్పుడు 9.3కు తగ్గకుండా, 12.5 సెంటీస్టోక్సుల లోపల వుండాలి. గది ఉష్ణోగ్రత వద్ద నీటికి ఇది సుమారు 1. ఒకే నూనె రెండు పరీక్షలూ నెగ్గేలా చేయడానికి అందులో పాలిమర్లనే పొడవాటి అణువులను కలుపుతారు. చలిలో ఇవి ముడుచుకుని వుంటాయి, వేడికి విప్పారి నూనె మరీ పలుచబడకుండా ఆపుతాయి.

పాత ఇంజనులో బేరింగుల సందులు అరిగి పెద్దవవుతాయి. నూనె సులభంగా జారిపోయి పీడనం తగ్గుతుంది. అందుకే "పాత బండి కదా, బాగా చిక్కనిది పోయండి" అని సలహా ఇచ్చేవారు ఎక్కువ. అందులో కొంత నిజం వుంది, కాని కొంతే. మిన్నెసోటా చలికాలపు ఉదయాన 20డబ్ల్యు-50 పోసి మీట తిప్పితే నూనె పైభాగాలకు చేరేలోగా అవి పొడిగానే రాసుకుంటాయి.

ఇంతకంటె పెద్ద పొరపాటు, పాత బండికి పాత రకం నూనె పోయడం. అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ పెట్రోలు ఇంజను నూనెలకు రెండక్షరాల గుర్తులిస్తుంది. ఎస్.ఏ. అన్న గుర్తున్న నూనెలో మసిని పట్టివుంచే రసాయనాలేవీ వుండవు. 1930 తరువాతి ఇంజన్లలో చాలావాటికి అది పనికిరాదు. మన ట్రక్కు పాతదే కాని, అంత పాతది కాదు!

అలాగని సరికొత్త గుర్తు చూసి కళ్ళు మూసుకుని కొనవచ్చునా? 2020లో వచ్చిన ఎస్.పి. వంటి గుర్తులున్న నూనెలు చాలా విషయాల్లో మెరుగైనవే. కాని ఈ ఇంజనులో కామ్ షాఫ్టు ఉబ్బులు టాపెట్ల అడుగున నేరుగా రాసుకుంటూ కవాటాలను తెరుస్తాయి. క్రాంకు రెండు వేల చుట్లు తిరిగితే ఒక్కొక్క ఉబ్బు నిమిషానికి వెయ్యిసార్లు రాసుకున్నట్లే. ఆ ఒత్తిడికి నూనె పొర చిట్లిపోతుంది. అప్పుడు ఆదుకునేది జింకు, భాస్వరం వున్న ఒక సమ్మేళనం. అది వేడికి, ఒత్తిడికి లోహంతో కలిసి, వెంట్రుక మందంలో కొన్ని వందలవ వంతు వుండే గాజువంటి పూత ఏర్పరుస్తుంది. ఐతే పొగగొట్టంలో విషవాయువులను శుద్ధిచేసే ఉత్ప్రేరకాన్ని భాస్వరం పాడుచేస్తుంది. అందుచేత 2004 నుండి పలుచని రకాలలో భాస్వరం 0.08 శాతానికి మించకుండా కట్టడి చేశారు. 10డబ్ల్యు-40 వంటి చిక్కని రకాలకు ఆ కట్టడి లేదు.

నేనైతే అరిజోనా ఎండలకు 10డబ్ల్యు-40, మిన్నెసోటా శీతాకాలానికి 5డబ్ల్యు-30 ఎంచుకుంటాను. కవాటాల స్ప్రింగులు మార్చకుండా వుంటే ఈ ట్రక్కుకు ఇప్పటి 5డబ్ల్యు-30 చాలుతుంది. కొత్త కామ్ షాఫ్టు వేస్తే మాత్రం జింకు ఎక్కువగా వున్న నూనె తప్పదు. బండితో వచ్చిన పుస్తకంలో ఉష్ణోగ్రతల పట్టిక వుంటే దాని మాటే చివరి మాట.

నూనె పోశాక కొలపుల్ల సంగతి మరువరాదు. బండిని చదునైన నేలమీద నిలిపి, ఇంజను ఆపిన కొద్ది నిమిషాలకు పుల్ల తీసి తుడిచి, మళ్ళీ ముంచి చూడాలి. నూనె నల్లబడితే భయం లేదు, అది మసిని మోస్తోందన్నమాట. పాలు కలిసినట్లు తెల్లగా కనిపిస్తే నీరు చేరిందేమోనని అనుమానించాలి. అప్పుడిక ఏ డబ్బా కొన్నా లాభం లేదు, మెకానిక్కును పిలవాల్సిందే.