కొలతల ముగ్గు

చుక్కల ముగ్గు వేయడం మీకు తెలిసిన పనే. ముందు చుక్కలు పెడతారు. తర్వాత చుక్కను చుక్కతో కలుపుతారు. ఒక్క చుక్క పక్కకు జరిగితే ఏమవుతుంది? ముగ్గు వంకర పోతుంది.

ఇల్లు కట్టే ముందు జాగ కొలిచి బొమ్మ గీయడం కూడా ఇలాంటి పనే. పునాది తవ్వేటప్పుడు నేల మీద గీసే గీతలను మేస్త్రీలు ముగ్గు అనే అంటారు. వాకిట్లో ముగ్గు తప్పితే తుడిచి మళ్లీ వేయవచ్చు. పునాది ముగ్గు తప్పితే గోడ పక్కవారి జాగలో లేస్తుంది. అందుకే ఈ ముగ్గు సంగతి ఇంటి యజమానురాలికి కూడా తెలియాలి.

గొలుసు నుంచి మిషన్ దాకా

వెనుకట భూమిని గొలుసుతో కొలిచేవారు. 1802లో విలియం లాంబ్టన్ అనే అధికారి మద్రాసు దగ్గర ఒక పెద్ద సర్వే మొదలుపెట్టాడు. మొదటి గీతను ఉక్కు గొలుసు పరిచి కొలిచారు. ఆ సర్వే తర్వాత దేశమంతా సాగింది.

మన దిక్కు 33 అడుగుల పొడవు, 33 అడుగుల వెడల్పు ఉంటే ఒక గుంట. 40 గుంటలు ఒక ఎకరం. ఒక్కో సర్వే నంబరు కొలతలు ఉండే కాగితాన్ని టిప్పన్ అంటారు. ఊరంతటి బొమ్మను నక్షా అంటారు.

ఇప్పుడు టోటల్ స్టేషన్ అనే మిషన్ వచ్చింది. దాన్ని మూడు కాళ్ల స్టాండు మీద నిలబెడతారు. ఒక మనిషి కర్ర పట్టుకుని హద్దు రాయి దగ్గర నిలబడతాడు. కర్ర మీద అద్దం లాంటి గాజు ఉంటుంది. మిషన్ నుంచి వెలుగు పోయి ఆ గాజుకు తగిలి తిరిగి వస్తుంది. దాన్ని బట్టి మిషన్ దూరం లెక్క కడుతుంది. ఎంత పక్కకు తిరిగి చూసిందో కూడా లెక్క కడుతుంది. ఒక్కో రాయికి ఒక్కో చుక్క రాసుకుంటుంది.

చుక్కల పట్టిక

మేడిపల్లిలో ఒకామె ఇల్లు కట్టుకుంటున్నది అనుకుందాం. ఆమె జాగ తూర్పు పడమరలు 10 మీటర్లు. ఉత్తర దక్షిణాలు 12 మీటర్లు. ఒక మూలకు దగ్గరగా వేపచెట్టు ఉంది. మిషన్ రాసుకున్న పట్టిక ఇలా ఉంటుంది.

1, 1000, 1000, రాయి
2, 1010, 1000, రాయి
3, 1010, 1012, రాయి
4, 1000, 1012, రాయి
5, 1008, 1003, చెట్టు

మొదటి అంకె చుక్క నంబరు. రెండోది తూర్పు వైపు కొలత. మూడోది ఉత్తరం వైపు కొలత. చివర ఉన్నది ఆ చుక్క పేరు. ఎత్తు కొలత కూడా ఉంటుంది. ఇక్కడ దాన్ని వదిలేశాం. మొదటి రాయికి 1000, 1000 అని పేరు పెట్టుకుని లెక్క మొదలైంది. రెండో రాయి 1010 అంటే మొదటి రాయికి 10 మీటర్లు తూర్పున ఉందని అర్థం.

ఈ పట్టికను మిషన్ నుంచి కంప్యూటర్‌కు పంపుతారు. కంప్యూటర్‌లో బొమ్మలు గీసే సాధనాన్ని క్యాడ్ అంటారు. 1982లో వచ్చిన ఆటోక్యాడ్ అలాంటిదే. అది పట్టిక చదివి ఒక్కో చుక్కను దాని చోట పెడుతుంది. తర్వాత గీసే మనిషి చుక్కలు కలుపుతాడు. అదే జాగ బొమ్మ.

తప్పు ఎక్కడ వస్తుంది?

కంప్యూటర్‌కు జాగ కనబడదు. దానికి అంకెలే తెలుసు. అంకె తప్పితే అదీ తప్పుతుంది.

మొదటిది కామా. పుస్తకంలో కామా దగ్గర మనం కొంచెం ఆగుతాం. కంప్యూటర్‌కు మాత్రం కామా అంటే గోడ. వెయ్యిని 1,000 అని రాస్తే అది 1 ఒక గదిలో, 000 ఇంకో గదిలో పెడుతుంది. చుక్కలన్నీ చెదిరిపోతాయి. అందుకే పట్టికలో 1000 అని కలిపి రాయాలి.

రెండోది కొలత. పట్టికలో 10 అని మాత్రమే ఉంటుంది. మీటర్లా, అడుగులా? 10 మీటర్లు అంటే దాదాపు 33 అడుగులు. మీటర్లను అడుగులు అనుకుంటే ఇల్లు అగ్గిపెట్టె అంత అయిపోతుంది.

మూడోది వరుస. కొన్ని మిషన్లు ముందు తూర్పు రాస్తాయి. కొన్ని ముందు ఉత్తరం రాస్తాయి. ఏది ముందో క్యాడ్‌కు చెప్పాలి. చెప్పకపోతే తూర్పు ఉత్తరమవుతుంది, ఉత్తరం తూర్పవుతుంది.

ఇది అన్నిటికన్నా మోసపు తప్పు. ఎందుకో చూడండి. మేడిపల్లి అక్క చేతికి బొమ్మ వచ్చింది.

"చూడు అక్కా, 10 మీటర్లు, 12 మీటర్లు. గజాలు సరిపోయినయ్" అన్నాడు బొమ్మ తెచ్చిన పిల్లగాడు.

ఆమె బొమ్మను అటూ ఇటూ తిప్పి చూసింది. "గజాలు సరే తమ్మీ. నా యాపచెట్టు ఏ దిక్కున్నది?" అని అడిగింది.

పిల్లగాడు చూశాడు. చెట్టు ఉన్నది ఆగ్నేయం మూలకు. బొమ్మలో వాయువ్యం మూలకు పోయింది. అప్పుడు తెలిసింది, వరుస తారుమారైందని. జాగ తూర్పుకు 12 మీటర్లు, ఉత్తరానికి 10 మీటర్లు పడింది. అదే బొమ్మతో ముగ్గు పోస్తే గోడ తూర్పున 2 మీటర్లు పక్కింటివారి జాగలోకి పోయేది. ఉత్తరాన 2 మీటర్ల సొంత జాగ బయటే ఉండిపోయేది. మొత్తం గజాలు మాత్రం అవే! ఒక్క ప్రశ్నతో రెండిళ్ల మధ్య లొల్లి తప్పింది.

మనం ఏం చూసుకోవాలి?

కొలిచేటప్పుడు దగ్గరుండాలి. ఏది హద్దు రాయో చూపించాలి. బొమ్మ మీద ఉత్తరం గుర్తు ఉందా, మీటర్లా అడుగులా అని రాసి ఉందా చూడాలి. చెట్టు, బావి, కరెంటు స్తంభం తమ చోటనే ఉన్నాయా చూడాలి.

ముగ్గు పోశాక టేపు పట్టి మళ్లీ కొలవాలి. నాలుగు పక్కలే కాదు, మూల నుంచి ఎదురు మూలకు కూడా కొలవాలి. నాలుగు మూలలూ సరైన మట్టంలో ఉంటే రెండు ఎదురు మూలల కొలతలు ఒక్కటిగా ఉంటాయి. 10, 12 మీటర్ల జాగకు అది 15 మీటర్ల 62 సెంటీమీటర్లు రావాలి.

ఒక మాట గుర్తుంచుకోవాలి. ఇల్లు కట్టడానికి గీయించుకున్న బొమ్మ పట్టా కాదు. హద్దు మీద తగాదా ఉంటే తహసీల్దారు కార్యాలయంలో దరఖాస్తు పెట్టి సర్వే చేయించుకోవాలి.

ఊరి కొలతకూ ఇదే లెక్క. నక్షా లేని ఊళ్లో హద్దు తేల్చడం కష్టం. 2025లో రాష్ట్ర ప్రభుత్వం నక్షా లేని 5 ఊళ్లను కొత్త సర్వేకు ఎంచుకున్నది. మేడిపల్లి ఉన్న జగిత్యాల జిల్లా నుంచి బీర్‌పూర్ మండలం కొమ్మనపల్లి అందులో ఉంది. రేపు ఏ ఊళ్లో కొలిచినా, హద్దు రాయి దగ్గర ఆడవారు కూడా నిలబడాలి.

చేసి చూడండి

మీ ఇంటి జాగ నాలుగు పక్కలూ టేపుతో కొలవండి. కాగితం మీద నాలుగు చుక్కలు పెట్టి కలపండి. ఉత్తరం గుర్తు వేయండి. ఇంటి ముందరి చెట్టును దాని చోట పెట్టండి. మీ బొమ్మ మీరే చదివి పక్కింటామెకు చెప్పండి.